మామగారి విమానం మీద మరక

ఆ ఆదివారం పొద్దున్న కళ్ళజోళ్ళ దుకాణదారు ముందున్న పని ఒక్కటే: విమానానికి మురికి పట్టించడం. ఆ రోజుతో మామగారికి ఎనభై నిండుతాయి. యుద్ధకాలంలో ఆయన ఎడారిలో విమానాల మెకానిక్కు. పెళ్ళయిన ఈ పదిహేనేళ్ళలో అల్లుణ్ణి ఒక్కసారి మెచ్చుకున్న పాపాన పోలేదు. అందుకే అల్లుడు మూడు నెలలు నడుం పట్టేసేలా కూర్చుని, ముక్కున ఇంజను ఉన్న ఆనాటి యుద్ధవిమానాన్ని జానెడు నమూనాగా తయారుచేశాడు. సాయంత్రం విందులో చేతికివ్వాలని ఆశ.

రంగు మాత్రం కొత్తగా మెరిసిపోతోంది. ఇసుక గాలి తిన్న విమానం అలా ఉండదు. స్పాంజి ముక్కతో అద్ది రెక్కల అంచుల్లో రంగు లేచిపోయినట్టు చేశాడు. పొగగొట్టాల వెనక నల్ల సుద్దపొడి రుద్దాడు. చివరగా వెంట్రుకంత కుంచెతో ఇంజను కింద సన్నటి ఆయిల్ చార గీసి, ఊపిరి బిగబట్టి చూసుకున్నాడు. అచ్చం కారినట్టే ఉంది.

"ఏమిటది?" అని వెనక నుంచి వినిపించింది. సాయంత్రం రావలసిన మామగారు పొద్దున్నే దిగారు.

"మీ విమానం, మామయ్యగారూ."

ఆయన భూతద్దం అందుకున్నారు. "కింద ఈ నల్లటిదేంటి?"

"ఆయిల్ కారినట్టు... సహజంగా ఉంటుందని."

"నా చేతిలో పడ్డ ఇంజను కారడమా? ఇన్నేళ్ళూ నా గురించి అనుకున్నది ఇదన్నమాట!"

ఆ గొంతుకి భార్య వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "నాన్న పుట్టినరోజు నాడే ఆయన పనిలో తప్పులెన్నాలా? ఆ చుక్క తుడిచెయ్యరాదూ!"

"అది చుక్క కాదు, చార. దీనికి ప్రాణమే అది."

"ప్రాణమో పాడో, తుడవండి."

తుడిచాడు. రంగు కరిగించే థిన్నర్ చారతో పాటు కింది రంగునీ ఎత్తుకుపోయింది. తెల్ల ప్లాస్టిక్ బోసిగా బయటపడింది. మురికి రెక్కలతో, శుభ్రమైన పొట్టతో విమానం స్నానం మధ్యలో లేచొచ్చినట్టుంది.

అంతలో మామగారి పాత స్నేహితుడు, ఆ రోజుల్లో ఆయన బాగుచేసిన విమానం నడిపిన పైలటు, చేతికర్ర టకటకలాడిస్తూ వచ్చాడు. వస్తూనే బొమ్మ పొట్ట కిందికి వంగి చూశాడు.

"ఇంత నున్నగానా? ఆయిల్ ఏదయ్యా?"

"కారితే కదా!" అన్నారు మామగారు.

"కారలేదా! అద్దం నిండా ఆయిలే. రుమాలుతో తుడుచుకుంటూ దిగాను నేను!"

"నీ కళ్ళు అప్పుడే పోయాయి."

మాటతో పని కాదని పైలటు నల్లరంగు సీసాలో వేలు ముంచి, పొట్ట మీద బెత్తెడు గీత లాగాడు. మామగారు రుమాలు థిన్నర్‌లో తడిపి తుడిచారు. ఆయన మళ్ళీ గీశాడు. ఈయన మళ్ళీ తుడిచారు.

"మీ ఇద్దరికీ దణ్ణం పెడతాను, దాన్ని ముట్టుకోకండి!" అంటూ అల్లుడు మధ్యలో దూరాడు. ఆ పెనుగులాటలో థిన్నర్ సీసా విమానం మీదికి ఒరిగింది. పైలటు సీటు మీదుండే అద్దంలాంటి ప్లాస్టిక్ కప్పు, పాలు పోసినట్టు తెల్లబడింది.

అల్లుడు కుర్చీలో కూలబడ్డాడు. "కారిందో లేదో మీరిద్దరూ తేల్చుకుని ఒక్క మాట చెప్పండి. అదే గీసి చస్తాను."

పైలటు అప్పుడు గానీ విమానాన్ని ముక్కు నుంచి తోక దాకా చూడలేదు. "అవునూ, రెండో ఇంజను ఏది?"

"రెండో ఇంజనా?" అల్లుడి గొంతు కీచుమంది.

"మాది రెక్కకో ఇంజను బాబూ. కారింది కుడిది."

"అదీ!" మామగారు బల్ల చరిచారు. "కుడిది నాది కాదు. నా వంతు ఎడమది. జన్మలో చుక్క కారలేదు."

"మరి ఇన్నేళ్ళూ 'నా ఇంజను, నా ఇంజను' అని ఒక్కదాని గురించే చెప్పారు కదా మామయ్యగారూ!"

"నాది ఒక్కటే కదా."

"ఇది వేరే విమానమని ఎప్పుడు తెలిసింది మీకు?"

"గుమ్మంలోంచే. ఇంత కష్టపడ్డావు, నొచ్చుకుంటావని మొహమాటపడి చెప్పలేదు."

ఆ మొహమాటం ఆయిల్ చార దగ్గర ఏమైందని అల్లుడు అడగలేదు. మొహమాటం అతనికీ ఉంది.