అద్దం తట్టి అడిగే కుశలం

పాముల జూలో అద్దం మీద టకటకా కొట్టేవాళ్లను చూసి మీరు ముఖం చిట్లిస్తారా? తప్పు! వాళ్లంత దయగల మనుషులు ఈ చుట్టుపక్కల లేరు. కదలకుండా పడుకున్న ప్రాణి బతికుందో లేదో కనుక్కోవడం పరామర్శ కాక మరేమిటి? ఆపరేషన్ అయి నిద్రపోతున్న చుట్టాన్ని తట్టి లేపి మరీ "ఎట్లుండాది?" అని అడిగే జనం మనం. ఆ భాగ్యం పాముకు మాత్రం ఎందుకు ఉండకూడదు?

ఇంత చిన్న సంగతి తబితకు అర్థం కాదు. మదనపల్లె నుంచి హార్స్లీ హిల్స్ వెళ్లే దారిలో, దెబ్బ తగిలిన పాములనూ తాబేళ్లనూ మొసళ్లనూ తెచ్చి సాకే ఒక జూలో ఆమె కీపరు. తల్లి మిషన్ ఆస్పత్రిలో నర్సుగా చేసింది. రోగికి విశ్రాంతి కావాలనే మూఢనమ్మకం ఈమెకు అక్కడే అంటుకుంది!

ఇప్పుడు ఆమె రోగి ఒక కొండచిలువ. కుప్పం దగ్గర క్వారీలో రాళ్ల కింద నలిగి వచ్చింది. పుండు మానుతోంది గానీ ఒంట్లో సత్తువ లేదు. శుక్రవారం కోడిని పెడితే మింగుతుంది, ఆదివారం మన పరామర్శలకు బెదిరి కక్కేస్తుంది. వరసగా రెండు వారాలు ఇదే తంతు. "ఇంకోసారి కక్కిందంటే బతకదమ్మా. ఈ ఆదివారం గడిస్తే గండం గడిచినట్టే" అన్నాడు డాక్టరు శరత్ బాబు.

బోర్డు పెట్టలేదా అంటారా? పెట్టింది. 'అద్దం తట్టరాదు' అని ఎర్ర అక్షరాలతో పెట్టింది. మన జనం చదువుకున్నవాళ్లు. బోర్డు మొత్తం పైకి చదివి, ఆ తర్వాతే తట్టారు! పోయిన వారం పుంగనూరు నుంచి వచ్చిన రెడ్డెప్ప అయితే బైకు తాళంచెవితోనే కొట్టాడు.

"అన్నా, దానికి బాగలేదు. కొట్టొద్దన్నా" అని తబిత బతిమాలింది.

"బాగలేదనే గదమ్మా సూస్తాండాం" అన్నాడు రెడ్డెప్ప. ఎంత కరుణ!

ఈ ఆదివారం పొద్దున పాము గది వైపు చీమల బారు కనిపించింది. పుండుకు చీమలు పడతాయని తబిత గడప పొడుగునా పసుపు తడిపి పూసింది. అంతే, వేరే ఉద్దేశం లేదు.

మొదటి బస్సులో వచ్చిన నాగరత్నమ్మ ఆగిపోయింది. గడపకు పసుపు, లోపల పాము! చెప్పులు విడిచింది. సంచిలోంచి కుంకుమ పొట్లం తీసి గడపకు బొట్లు పెట్టింది. "తల్లీ నాగమ్మా, సల్లంగా సూడు" అని చెంపలేసుకుంది. వెనకున్నవాళ్లంతా చెప్పులు విడిచారు. నాగుపామా, కొండచిలువా అని ఒక్కరైనా అడిగితే ఒట్టు!

అది చీమల కోసమని చెప్పబోయి తబిత నోరు తెరిచింది. అప్పుడే గమనించింది, గదిలో చడీచప్పుడూ లేదు. నోరు మూసుకుంది. ప్రభువా, క్షమించు అని లోపలే అనుకుంది. నాగరత్నమ్మ పాలు పోస్తానంటే మాత్రం, "ఈ అమ్మకు పాలు పడవమ్మా" అని నచ్చజెప్పింది.

మధ్యాహ్నం రెడ్డెప్ప మళ్లీ వచ్చాడు, ఈసారి బావను వెంటబెట్టుకుని. గడప మీది పసుపు కుంకుమ చూసి చెప్పులు విడిచాడు. బావ అద్దం మీదికి చెయ్యెత్తగానే రెడ్డెప్ప గబుక్కున ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"సద్దు సేయొద్దు బావా. అమ్మ పడుకోనుండాది."

సాయంత్రమైంది. మింగిన కోడి కొండచిలువ కడుపులోనే ఉంది. తబిత కళ్లు తుడుచుకుంది. మన మర్యాదకు కొదవేముంది చెప్పండి? జబ్బు చేసిందంటే నమ్మం గానీ, దేవుడంటే పిలవకుండానే చేతులు కట్టుకుంటాం.

అప్పటిదాకా అక్కడే కూర్చున్న రెడ్డెప్ప భక్తిగా బయటికొచ్చి చెప్పులు వేసుకున్నాడు. పక్క గుంతలో ముసలి మొసలి నీరెండకు కళ్లు మూసుకుని పడుకునుంది. అతను ఒంగి ఒక గులకరాయి ఏరుకున్నాడు.

"బతికుండాదో లేదో సూద్దాం రా బావా."

తబిత పసుపు డబ్బా కోసం పరుగెత్తింది.