నూట నలభై మూడో పేజీ

ఒక నవలను మెచ్చుకోవాలంటే దాన్ని చదివి ఉండాలన్న నియమం నాగరిక సమాజంలో ఎక్కడా లేదు. బాగాలేదని చెప్పడానికి మాత్రం గట్టి గుండె, తీరిక, ఇంట్లోవాళ్ళ సహకారం, వచ్చిపడే కార్డుముక్కలు దాచుకోవడానికి ఓ పెద్ద రేకుపెట్టె కావాలి. సోలాపూర్ దాజీపేటలో జకార్డు అట్టలు కొట్టే సిద్ధరాములుకు 1988 నాటికి వీటిలో రేకుపెట్టె ఒక్కటే ఉంది. అందులోనూ సగం అట్టలే. అయినా మనిషి రాసేశాడు.

అతని పని గురించి రెండు ముక్కలు చెప్పాలి, నవలాకారులు చెప్పరు కాబట్టి. చద్దరు మీద నెమలి గానీ, పెళ్ళికొడుకు పేరు గానీ రావాలంటే ముందు గళ్ళ కాగితం మీద గీయాలి. ఆ గళ్ళు చూసుకుంటూ అట్టలకు బెజ్జాలు కొట్టాలి. అట్టలన్నీ వరుసగా దారంతో కుట్టి సాంచా నెత్తికి ఎక్కించాలి. అప్పుడు గానీ ఆ మరమగ్గం మొదటి అక్షరం మొదటి గీత నేయదు. మరాఠీ పేరైతే ఆరు రోజుల పని. తెలుగు అక్షరాలు గుండ్రం కాబట్టి నాలుగు వందల ఇరవై అట్టలు, ఎనిమిది రోజులు. అతను పనిచేసే రాజారాం సేటు కార్ఖానా గోడ మీద ఆ సంగతి పెయింటుతో రాసి ఉంది: "తెలుగు పేర్ల అట్టలకు గడువు ఎనిమిది రోజులు." (ఆ ఒక్క వాక్యం కోసం సిద్ధరాములు తండ్రి పదకొండేళ్ళు పోట్లాడాడు. దాని మీద ఎవరూ నవల రాయలేదు.)

ఇక నవల పేరు 'వెన్నెల చద్దరు'. రాసినవారు బెజవాడకు చెందిన శ్రీ కౌముదీకాంత్ గారు. మగ్గాన్ని ఆయన ఒకసారి రైలు కిటికీలోంచి చూశారట, అది చాలింది. వారపత్రికలన్నీ నేత బతుకుకు అద్దమన్నాయి. వెండి పళ్ళెం ఇచ్చారు. నాలుగు నెలల్లో నాలుగు ముద్రణలు పడ్డాయి. నూట నలభై మూడో పేజీలో కథానాయకుడు చందమామ పొడిచినప్పుడు సాంచా దగ్గర కూర్చుని, కోడి కూసే లోపల ప్రియురాలి పేరు చద్దరు మీద నేసేస్తాడు. ఆ ఒక్క పేజీని ఓ వారపత్రిక విడిగా వేస్తే దాజీపేట మొత్తం ఏడ్చింది. మిగతా పేజీల కోసం ఏడ్చినవాళ్ళు లేరు. ఎందుకంటే పేట వాచనాలయంలో ఉన్న ఒకే ఒక్క ప్రతిని ఇంటికి తీసుకుపోయినవాడు, రిజిస్టరు ప్రకారం, సిద్ధరాములు ఒక్కడే.

రెండుసార్లు చదివి అతను పన్నెండు వరుసల విమర్శ రాశాడు. పేటలో అచ్చయ్యే నాలుగు పేజీల మాసపత్రిక దాన్ని పెళ్ళి పత్రికల ప్రకటనకూ తలనొప్పి మాత్రల ప్రకటనకూ మధ్య వేసింది. భాష బాగుందన్నాడు. వెన్నెల నలభై ఒక్క చోట్ల వచ్చిందనీ, అన్ని చోట్లా తెల్లగానే ఉందనీ ఒప్పుకున్నాడు. కానీ ఒక్క రాత్రిలో పేరు నేయడం కుదరదు, ఎనిమిది రోజులు పడుతుంది, కాబట్టి కథానాయకుడు నేతగాడు కాడు, దర్జీ అయి ఉంటాడు, పేరును కుట్టి ఉంటాడు అని ముగించాడు. తన పని సంగతి నలుగురికీ తెలుస్తుందని పాపం సంబరపడ్డాడు కూడా.

ఐదో రోజు నుంచి కార్డులు. నీకు గుండె ఉందా అని ఒకరు, నీ అమ్మ నిన్ను వెన్నెల్లో కనలేదా అని ఒకరు. "సోలాపూర్‌లో ఉన్న ఆ కసాయికి" అని మాత్రమే రాసిన కార్డు కూడా సరిగ్గా అతని ఇంటికే వచ్చింది. (మన తపాలా శాఖ పనితనాన్ని శంకించేవాళ్ళు ఇది గమనించాలి.) గుమ్మంలో కూర్చుని బీడీలు చుట్టే అతని భార్య ద్రౌపది, ఆ కార్డుల్లో కాస్త మందంగా ఉన్నవి ఏరుకుని చాటలో తంబాకు పొడి ఎత్తడానికి వాడుకుంది.

కార్డుకు ఖర్చు అవుతుంది, సుద్దముక్కకు కాదు. వాచనాలయం గుమ్మం పక్కన నల్లబోర్డు ఒకటి ఉంది. అప్పటిదాకా దాని మీద కుళాయి నీళ్ళు వచ్చే వేళలు, పోయినవాళ్ళ పేర్లు, మెట్రిక్ పాసైన పిల్లల పేర్లు రాసేవారు. వాచనాలయం గుమాస్తా పోచయ్య అవన్నీ తుడిచేసి బోర్డును ప్రజాభిప్రాయానికి అంకితం చేశాడు. సిద్ధరాములును తిట్టేవాళ్ళు పేరు రాయనక్కర్లేదు. సమర్థించేవాళ్ళు పేరు, ఇంటి నంబరు, తాము పనిచేసే కార్ఖానా మాలక్ ఎవరో కూడా రాయాలి. సొంతంగా తిట్టడం రానివాళ్ళు పైవాడి తిట్టు కింద ఒక గీత గీసి పోవచ్చు. ఈ గీతల పద్ధతి ఎంత బాగా అలవాటయిందంటే, పోచయ్య ఒకనాడు "సోమవారం వాచనాలయం మూసి ఉండును" అని రాస్తే దాని కింద కూడా నలభై ఆరు గీతలు పడ్డాయి. నీళ్ళు ఎప్పుడొస్తున్నాయో మాత్రం పేటకు నెల రోజులు తెలియలేదు.

ఆ గీతల్లో ఒకటి నరసయ్యది. పద్నాలుగేళ్ళుగా సిద్ధరాములు కొట్టిన అట్టల మీదనే నేస్తున్నవాడు, మధ్యాహ్నం ఒకే డబ్బాలోంచి జొన్నరొట్టె తుంచుకునేవాడు. సిద్ధరాములుకు కార్డులన్నీ కలిపి చేయలేని నొప్పి ఆ ఒక్క గీత చేసింది. ఎందుకు గీసినవని అడిగాడు.

"నువ్వు రాసింది బరోబరే అన్నా," అన్నాడు నరసయ్య నేల చూస్తూ. "గానీ మనల్ని ఇన్నేండ్లల్ల ఎవడు పట్టించుకున్నడు? ఒకాయన హీరోను చేసిండు. గది గూడ ఓర్వకుంటే ఎట్ల?"

ఎనిమిది రోజులు పనిచేసేవాడు కూడా హీరోయే కదా అని సిద్ధరాములుకు తర్వాత తోచింది గానీ, అప్పటికి రొట్టె అయిపోయింది.

బోర్డు చాలక నవలా గౌరవ పరిరక్షణ సమితి ఏర్పడింది. అధ్యక్షుడు రాజారాం సేటు, కార్యదర్శి పోచయ్య. ఆరు నియమాలు, ఒకటో నంబరు ఫారం అచ్చువేశారు. ఫారంలో మొదటి ప్రశ్న: నవల చదివితిరా? చదవలేదన్నవారిని నిష్పక్షపాతులుగా గుర్తించారు. (చదివితే పుస్తకం ప్రభావం పడే ప్రమాదం ఉంది.) మూడు వందల పదకొండు మంది నిష్పక్షపాతులు విమర్శ మీద అభ్యంతరం నమోదు చేశారు. నేరానికి మూలం కాబట్టి వాచనాలయంలోని ప్రతిని గోనెగుడ్డలో కుట్టి, లక్కముద్ర వేసి, బీరువాలో పెట్టి, తాళంచెవి సేటుకు అప్పగించారు.

ఆ తర్వాత సేటు సిద్ధరాములును పిలిపించి సంతకం కోసం ఒక కాగితం ముందు పెట్టాడు. "నేను సదరు నవలను చదవకనే విమర్శించితిని" అని ఉంది. రెండుసార్లు చదివిన సేటూ అన్నాడు సిద్ధరాములు.

"రెండుసార్లు చదివి గూడ ఏడ్వలేదంటే నువ్వు మనిషివే గాదు," అన్నాడు సేటు ఓపిగ్గా. "చదవలేదంటే మనిషివన్న అయితవ్. నీ మంచికే చెప్తున్న, సహీ చెయ్యి."

సహీ చేయకపోతే అట్టలు కొట్టేవాళ్ళు ఇంకా ఉన్నారన్నాడు. చేస్తే గోడ మీది రాత జోలికి పోనని మాట ఇచ్చాడు. సిద్ధరాములు ఒక రోజు గడువు అడిగి ఇంటికొచ్చి భార్యను అడిగాడు. ద్రౌపది బీడీ చుట్టడం ఆపలేదు.

"నేను చుట్టిన బీడీలల్ల సగం బాగలేవని కంపెనీల దినాం పారేస్తరు," అంది. "ఒక్కనాడన్న ఎవడన్న కమిటీ పెట్టిండా? సహీ చెయ్యి పో. నీ ఎనిమిది దినాలు నీకుంటయ్."

చేశాడు. తన చేతిరాతను తనే చూడలేక తలతిప్పుకుని చేశాడు.

దసరా తర్వాత కౌముదీకాంత్ గారికి సన్మానం. ఆయన పేరు నేసిన చద్దరు కప్పాలని సమితి తీర్మానించి, రెండు రోజుల ముందు సిద్ధరాములుకు కబురు పెట్టింది. ఎనిమిది రోజులన్నాడు. నవలలో ఒక్క రాత్రే కదా, నీకు ఒక రాత్రి ఎక్కువే ఇస్తున్నాం అన్నారు. మళ్ళీ ఎనిమిదే అన్నాడు. సరే, చేసేవాళ్ళు చేస్తారులే అని వెళ్ళిపోయారు.

సభ రోజున చద్దరు నిజంగానే వచ్చింది. గత రాత్రి చందమామ పొడిచినప్పుడు మొదలుపెట్టి కోడి కూసే లోపల నేసినదని పోచయ్య మైకులో ప్రకటించాడు. మూడో వరుసలో ఉన్న సిద్ధరాములుకు అక్షరాలు గుడ్డ మీద ఉబ్బెత్తుగా కనబడ్డాయి. తయారు చద్దరు మీద దర్జీ మిషను కుట్టు. నేసిన పేరైతే వెనక వైపు రంగులు తారుమారై, అక్షరాలు తిరగబడి కనిపిస్తాయి. కుట్టిన పేరైతే వెనక ముడులే. తిప్పితే చాలు, పేట పిల్లలు కూడా చెప్పగలరు. లేచి నిలబడ్డాడు.

"ఒక్కసారి తిప్పి చూపియ్యుండ్రి," అన్నాడు.

సన్మాన వస్త్రాన్ని తిప్పి చూడటం అతిథిని అనుమానించడమేననీ, అది ఏడో నియమం ప్రకారం నిషిద్ధమనీ పోచయ్య మైకులో చెప్పాడు. (అప్పటిదాకా ఉన్నవి ఆరు.) చప్పట్లు మోగాయి. నరసయ్య కూడా కొట్టాడు, కాస్త ఆలస్యంగా. కౌముదీకాంత్ గారు గొప్ప మనసున్నవారు కాబట్టి, ఎందుకో అడక్కుండానే సిద్ధరాములును వేదిక మీది నుంచి క్షమించారు.

సోమవారం కార్ఖానాకు వెళ్ళేసరికి గోడకు కొత్త సున్నం. సేటు మాట తప్పలేదు, గోడ జోలికి తాను పోలేదు, పెయింటరు పోయాడు. సున్నం మీద ఎర్రగా కొత్త రాత ఉంది: "తెలుగు పేర్ల అట్టలకు గడువు ఒక్క రాత్రి. చద్దరు నేతకు కూడా అదే రాత్రి. ఆధారం: 'వెన్నెల చద్దరు', 143వ పేజీ." బుధవారానికల్లా పేటలోని మిగతా కార్ఖానాల గోడలు కూడా సాహిత్యం చదవడం మొదలుపెట్టాయి.

సాంచాల మీద పనిచేసేవాళ్ళకు అప్పుడు తెలివొచ్చింది. మూడు వందల పదకొండు మందీ నరసయ్యను ముందు పెట్టుకుని వాచనాలయానికి వచ్చారు. నవల తప్పని రాసుకొమ్మన్నారు. విమర్శ మీద అభ్యంతరానికి ఒకటో నంబరు ఫారమనీ, నవల మీద అభ్యంతరానికి రెండో నంబరు ఫారమనీ పోచయ్య వివరించాడు. రెండోదానిలోనూ మొదటి ప్రశ్న అదే: నవల చదివితిరా? లేదన్నారు అందరూ, పాత అలవాటు ప్రకారం కాస్త గర్వంగానే. అయితే ఈ ఫారానికి అర్హత లేదన్నాడు పోచయ్య. పుస్తకం ఇస్తే ఇప్పుడే చదువుతామన్నారు. అది లక్కముద్రలో ఉంది, తాళంచెవి సేటు దగ్గరుంది.

నరసయ్య వెనక్కి వెళ్ళి, గోడవారగా నిలబడిన సిద్ధరాములు చెయ్యి పట్టుకుని ముందుకు తెచ్చాడు. "ఈన చదివిండు," అన్నాడు. "రెండుసార్లు చదివిండు. మేమే నమ్మలే."

పోచయ్య ఫైలు విప్పి, కాగితం తీసి, బల్ల మీద పెట్టి, కింద ఉన్న సహీ నీదేనా అని అడిగాడు. నాదే అన్నాడు సిద్ధరాములు.

"చదవని పుస్తకానికి వంక పెట్టుడు మర్యాద గాదు," అన్నాడు పోచయ్య, పెన్ను టోపీ బిగిస్తూ. తర్వాత బయటికొచ్చి బోర్డు తుడిచి, గుండ్రటి అక్షరాలతో రాశాడు: "నవలపై నేటివరకు అందిన అభ్యంతరములు: లేవు."

సాయంత్రానికి దాని కింద నలభై ఆరు గీతలు పడ్డాయి.