మాటల్లేని రెండు శాఖలూ, మధ్యలో నేనూ

"ఈ క్షణం నుంచి మన భవనంలో ఒక శాఖ గుట్టు ఇంకో శాఖకు తెలియదు! పారదర్శక పాలనలో ఇదొక మైలురాయి!" అని మంత్రిగారు ప్రకటించగానే హాలంతా చప్పట్లతో మారుమోగింది. అందరికంటే గట్టిగా కొట్టింది నేనే. ఆ మైలురాయిని పాతింది నేను కాబట్టి.

ఆ భవనంలో నేను నెట్‌వర్క్ ఇంజనీర్ని. కాంట్రాక్టు మీద. కింద రోడ్ల శాఖ, దాని పైన నీటి శాఖ, ఆ పైన రెంటికీ కలిపి ఒకే మంత్రిగారు. రోడ్లవాళ్ళు తవ్విన చోటల్లా నీళ్ళ పైపు పగలడం, తప్పు మీదంటే మీదని రెండు శాఖలూ పేపర్లకెక్కడం మామూలైపోయింది. ఒకరి ఫైళ్ళు ఒకరు చూసి విలేఖరుల చెవిన వేస్తున్నారని మంత్రిగారి అనుమానం. పైపులు పగలడం ఆయనకు సమస్య కాదు, ఆ సంగతి నలుగురికీ తెలియడం సమస్య. దార్శనికుడంటే అలా ఉండాలి.

"వీళ్ళని విడగొట్టగలవా?" అని ఆ ప్రకటనకు ముందు ఒకరోజు నన్ను పిలిచి అడిగారు.

"గోడ కూడా అక్కర్లేదు సార్. వర్చువల్ ల్యాన్లు వేస్తాను. వైర్లు అవే, నెట్‌వర్క్ స్విచ్ అదే. కానీ ఈ శాఖ కంప్యూటర్లకు ఆ శాఖ కంప్యూటర్లు ఉన్నట్టే తెలియదు."

"అర్థమయ్యేలా చెప్పవయ్యా."

"ఒకే ఇంట్లో మాటల్లేని అత్తాకోడళ్ళు సార్."

"మరి ఎప్పుడైనా మాట్లాడుకోవాల్సి వస్తే?"

"మధ్యలో కొడుకు ఉండాలి. దాన్నే రౌటింగ్ అంటాం. మన స్విచ్‌లోనే ఉంది. నేను ఆన్ చేస్తే చాలు."

మంత్రిగారు నన్ను ఎగాదిగా చూశారు. "అంటే వీళ్ళ మధ్య ఏం నడవాలన్నా నువ్వే దిక్కన్నమాట. ఆన్ చెయ్యకు."

ఆ మాటతో నా కాళ్ళు నేల మీద ఆనలేదు. అన్నేళ్ళ సర్వీసులో ప్రింటర్లో ఇరుక్కున్న కాగితం లాగడానికి తప్ప నన్నెవరూ పిలిచి ఎరుగరు.

అయితే ఒక చిక్కుంది. పైపులు ఎక్కడెక్కడ ఉన్నాయో చూపే మ్యాపు నీటి శాఖ సర్వర్లో ఉంది. తవ్వేముందు రోడ్లవాళ్ళు దాన్ని చూడాలని రూలు. ఇప్పుడు వాళ్ళకు ఆ సర్వరే కనిపించదు. వారం తిరక్కుండానే మార్కెట్ వీధిలో పైపు పగిలింది. తర్వాత బడి వీధిలో. నేను కుంగిపోయాను. ఊరి గొంతు ఎండగట్టిన పాపం నాదే కదా! దాచుకోవడమెందుకు, ఆ బాధలో కాస్త గర్వం కూడా ఉంది. నా ఒక్క కమాండు లేక ఊరు ఊరంతా అల్లాడుతోంది!

"రేపు మన వీధి తవ్వుతారట," అంది మా ఆవిడ. "మా అమ్మ కూడా వచ్చి ఉంది. కుళాయి ఆగిందంటే నాలుగో అంతస్తుకి నీళ్ళు మోసేది మీరే."

"అదంతా నా మీదే ఆధారపడి ఉందోయ్," అన్నాను గంభీరంగా.

"అయితే ఏదో ఒకటి చెయ్యండి మరి. నాకు చెబుతారేం?"

ఆఫీసుకెళ్ళి ముందు రోడ్ల అధికారిని కలిశాను. రౌటింగ్ ఆన్ చేస్తానంటే, "నాకేం అభ్యంతరం లేదు, పైవాళ్ళని ఒప్పించు," అన్నారాయన. మెట్లెక్కి నీటి అధికారి దగ్గరికి వెళ్ళాను.

"రోడ్లవాళ్ళు ఆన్‌లైన్‌లో అభ్యర్థన పంపితే పరిశీలిస్తాం," అన్నారాయన.

"దారి మూసేశాం కదా సార్, అది మీకు చేరదు."

"చేరని అభ్యర్థన మీద చర్య ఎలా తీసుకుంటామయ్యా? చదువుకున్నవాడివి!"

ఇక తెగించాను. ఉద్యోగం పోతే పోనీ అనుకుని, అందరూ భోజనాలకు వెళ్ళిన సమయం చూసి రౌటింగ్ ఆన్ చేశాను. రోడ్ల శాఖ నుంచి ఆ ఒక్క మ్యాపుకే దారి, మిగతావన్నీ బంద్. అటూ ఇటూ చూసి కంప్యూటర్ కట్టేశాను. ఊరిని ఉద్ధరించేవాళ్ళు ఇలాగే దొంగచాటుగా పని కానిస్తారు కాబోలు. కిందికెళ్ళి రోడ్ల అధికారి చెవిలో చెప్పాను.

"సార్, దారి తెరిచాను. ఇక మ్యాపు కనిపిస్తుంది. మా వీధి తవ్వేముందు ఒక్కసారి..."

"భలేవాడివయ్యా!" అని ఆయన నా భుజం తట్టారు.

మర్నాడు పొద్దున మా అత్తగారు స్నానాల గదిలో ఉండగా కుళాయి బుస్సుమని ఆగిపోయింది. బాల్కనీలోంచి తొంగిచూస్తే, వీధి మధ్యలో నీళ్ళు మొదటి అంతస్తు దాకా ఎగజిమ్ముతున్నాయి. మా ఆవిడ నా వంక చూసిన చూపు రాస్తే అచ్చు వేయరు.

ఆఫీసుకు పరుగెత్తి స్విచ్‌లో లెక్క చూశాను. తెరిచిన దారిలో రోడ్ల శాఖ నుంచి మ్యాపుకు వెళ్ళింది సున్నా. అనుమానం వచ్చి సర్వర్లో పాత రికార్డులు తిరగేశాను. నేను విడగొట్టకముందు, దారి బార్లా తెరిచి ఉన్న రోజుల్లోనూ సున్నాయే. ఆ మ్యాపు పెట్టిన నాటి నుంచీ రోడ్లవాళ్ళు దాని ముఖం చూడలేదు. నాకు ఏడుపొచ్చింది. ఊరిని ఎండగట్టిన పాపం కూడా నాది కాదట!

ఉండబట్టలేక రోడ్ల అధికారి గదిలోకి దూసుకుపోయాను. ఆయన తీరిగ్గా పేపరు చదువుతున్నారు.

"మ్యాపు తెరవలేదేం సార్?"

"ఏ మ్యాపు?"

"అదే సార్, భూమిలో పైపులు ఎక్కడున్నాయో చూపేది."

ఆయన పేపరు దించి, నన్ను జాలిగా చూశారు.

"తవ్వితే కనిపిస్తాయి కదయ్యా!"