మిగిలిన మూడుసార్లు

ఆ ఉదయం ఇంట్లో వేసుకున్న పథకం చాలా చిన్నది. లిఫ్టు మెకానిక్ స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, అద్దం ముందు నిలబడి తన గురించి పదిసార్లు గొప్పగా చెప్పుకోవాలి. ఆ తర్వాత బస్సెక్కి ఇంటర్వ్యూకు వెళ్ళాలి.

పథకం అతనిది కాదు, భార్యది. ఆమె బడిలో చిన్న తరగతులకు పాఠాలు చెబుతుంది. ఏ ముక్కయినా పదిసార్లు పలికిస్తే ఎంతటి మొద్దుబుర్రకైనా ఎక్కుతుందని ఆమె అనుభవం. ఎనిమిదేళ్ళు పనిచేసిన కంపెనీ మూతపడ్డాక అతను మూడు ఇంటర్వ్యూలకు వెళ్ళాడు. మూడుచోట్లా "మీ గురించి చెప్పండి" అన్నారు. మూడుచోట్లా అతను "ఏముందండీ, ఏదో చేస్తుంటాను" అన్నాడు. మూడుచోట్లా వాళ్ళు నమ్మారు.

ఇది నాలుగోది. ఆరంతస్తుల ఆఫీసు భవనం, పర్మనెంటు ఉద్యోగం. ఇదీ పోతే వచ్చే నెల నుంచి బావమరిది కుర్చీల దుకాణంలో చేరాలి. బావమరిది ఇప్పటికే అతను కూర్చోవడానికి ఒక స్టూలు తీసి పక్కన పెట్టాడు.

"గట్టిగా చెప్పండి. వెనక బెంచీకి వినబడాలి," అంది భార్య, కాగితం చేత్తో పట్టుకుని.

"లిఫ్టుల సంగతి నాకు తెలిసినంతగా ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు అనుకుంటాను."

"ఆ 'అనుకుంటాను' ఎక్కణ్ణుంచి వచ్చింది? నేను రాయలేదే!"

"దానంతటదే వచ్చేసింది."

"వస్తే మింగేయండి. మళ్ళీ మొదట్నుంచి."

లోపలి గదిలోంచి అత్తగారు, "అల్లుడుగారు ఎవరితో పోట్లాడుతున్నారే?" అని అడిగింది.

ఏడోసారి పూర్తయ్యేసరికి బస్సు వేళయింది. "మిగిలిన మూడూ దారిలో చెప్పుకోండి. ఎగ్గొడితే మీ మొహం చూసి కనిపెట్టేస్తాను," అని హెచ్చరించి పంపింది.

బస్సులో అతనికి సిగ్గేసింది. వీధిలో జనం ఉన్నారు. భవనంలోకి వచ్చి లిఫ్టెక్కాక చూస్తే తోడు ఎవరూ లేరు, ఎదురుగా నిలువుటద్దం. కాని ఆరో అంతస్తు నలభై సెకన్లలో వచ్చేస్తుంది. అయిదు వాక్యాలు మూడుసార్లు చెప్పడానికి అది చాలదు. ఇలాంటి చిక్కుకు మామూలు మనిషి దగ్గర విరుగుడు ఉండదు. మెకానిక్ దగ్గర ఉంది. రెండో అంతస్తు దాటగానే ఎర్ర మీట కిందికి లాగి లిఫ్టు ఆపేశాడు.

ఆ మీట లాగితే కింద వాచ్‌మన్ బల్ల మీది స్పీకరుకు లైను దానంతటదే కలుస్తుంది. లోపల ఇరుక్కున్నవాళ్ళ కేక బయటికి వినబడాలని ఆ ఏర్పాటు. ఇది అతనికి తెలియక కాదు. ఆ క్షణాన అతని బుర్రలో అయిదు వాక్యాలకు తప్ప మరి దేనికీ చోటు లేదు.

"లిఫ్టుల సంగతి నాకు తెలిసినంతగా ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు," అంది స్పీకరు. వాచ్‌మన్ ఉలిక్కిపడి లేచాడు. "ఎలాంటి లిఫ్టయినా పది నిమిషాల్లో బాగుచేస్తాను. నాకు భయమంటే తెలియదు. నా చేతిలో పడ్డ లిఫ్టు మళ్ళీ ఆగదు. నాలాంటివాడు మీకు దొరకడు."

ఇంటర్వ్యూ చేయవలసిన మేనేజరమ్మా, ఇంజనీరూ అప్పుడే వచ్చారు. మేనేజరమ్మకు మోకాళ్ళ నొప్పి, మెట్లెక్కలేదు.

"లిఫ్టు ఏమైంది?"

"ఎవరో ఇరుక్కుపోయారు మేడమ్. లోపల గొప్పలు చెప్పుకుంటున్నారు."

స్పీకరు రెండోసారి మొదలుపెట్టింది. "పాపం, తనకు తనే ధైర్యం చెప్పుకుంటున్నాడు," అన్నాడు ఇంజనీరు. మూడోసారికి మెకానిక్‌కు వెనక బెంచీ గుర్తొచ్చి గొంతు పెంచాడు. మేనేజరమ్మ మొహం మారింది. "అక్షరం పొల్లుపోకుండా అదే! తలకు దెబ్బ తగిలినట్టుంది." వాచ్‌మన్ అంబులెన్సుకు ఫోన్ చేశాడు.

లోపల మెకానిక్ తృప్తిగా మీట పైకి నెట్టాడు. మీట ఊడి చేతిలోకి వచ్చింది.

ఈలోగా తక్కిన అభ్యర్థులు కింద పోగయ్యారు. మేనేజరమ్మ వాళ్ళవైపు తిరిగింది. "అందరూ లిఫ్టు పనికేగా వచ్చారు? ఇదే ఇంటర్వ్యూ అనుకోండి. ఆయన్ని ఎలా దించుతారు?"

టై కట్టుకున్న అభ్యర్థి ముందుకొచ్చాడు. "చిటికెలో పని మేడమ్! రెండో అంతస్తు తలుపు తెరిచి దూకెయ్యమంటాను."

కంగారులో వాచ్‌మన్ వేలు మాట్లాడే బటన్ మీదే ఉంది. ఈ సలహా తిన్నగా పైకి వెళ్ళింది.

"దూకమంటావా?" స్పీకరు గర్జించింది. "లిఫ్టు కింద ఖాళీ ఉంటుంది, కాలు జారితే నేరుగా గోతిలో పడతాను. ఏ మహానుభావుడు నేర్పాడయ్యా నీకు ఈ పని? తలుపు ముట్టుకున్నావంటే ఊరుకోను! వాచ్‌మన్‌గారూ, పై మోటారు గదిలో మెయిన్ స్విచ్ ఆపించండి. ఒకరు బ్రేకు వదులు చేసి పట్టుకోవాలి, ఒకరు చక్రం తిప్పాలి. మెల్లిగా. నేను చెప్పేదాకా ఎవ్వరూ తలుపు తీయకూడదు."

ఇంజనీరు టై అభ్యర్థిని వెంటబెట్టుకుని ఆరంతస్తులూ ఎక్కాడు. వాచ్‌మన్ ఒక చెవి స్పీకరుకు అప్పగించి, రెండో చెవికి ఫోను పెట్టుకుని, "ఇంకా... ఇంకా... చాలు!" అనేది పైకి చేరవేశాడు. లిఫ్టు రెండో అంతస్తుకు సరిగ్గా దిగింది. అంబులెన్సు వాళ్ళకు రోగి దొరకలేదు. వట్టి చేతులతో పోవడమెందుకని, మెట్లెక్కి దిగి రొప్పుతున్న టై అభ్యర్థికి బీపీ చూశారు.

మెకానిక్ ఎర్ర మీట పట్టుకుని మెట్లు దిగి వచ్చాడు. ఇంటర్వ్యూకు వచ్చింది ఇతనే అని తెలిశాక మేనేజరమ్మ అడిగింది: "మీ గురించి చెప్పండి."

"ఏముందండీ, ఏదో చేస్తుంటాను."

"సరే, మిగతాది మూడుసార్లు విన్నాం. అసలు లిఫ్టు ఎందుకు ఆగింది?"

మీట పాతదని అంటే సరిపోయేది. సాక్ష్యం చేతిలోనే ఉంది. బావమరిది స్టూలు ఒక్కసారి కళ్ళముందు మెదిలింది. మెకానిక్ నేల చూపులు చూశాడు.

"నేనే ఆపానండీ. అద్దం కోసం."

"నా చేతిలో పడ్డ లిఫ్టు ఆగదన్నారుగా?" అన్నాడు ఇంజనీరు.

"అది మా ఆవిడ రాసిందండీ."

మేనేజరమ్మ ఊడిన మీట అతని చేతిలోంచి తీసుకుని చూసింది. ఆ భవనంలో ఆమె పదేళ్ళుగా ఉంది. ఏది పాడైనా దానంతటదే పాడైందని అన్నవాళ్ళే గాని, 'నేనే' అన్నవాణ్ణి చూడటం ఇదే మొదటిసారి. "ఆ నాలుగో వాక్యం కొట్టేసి, మిగతా నాలుగింటికీ ఉద్యోగం ఇచ్చేద్దాం," అంది ఇంజనీరుతో.

సాయంత్రం గుమ్మంలోనే భార్య అడిగింది: "మూడుసార్లూ చెప్పారా?"

"చెప్పాను."

"వెనక బెంచీకి వినబడేలా?"

"అంబులెన్సు వచ్చేలా."

మర్నాడు ఉద్యోగంలో అతనికి అప్పగించిన మొదటి పని లిఫ్టులో అద్దం తీసేయడం. పది నిమిషాల్లో తీసేశాడు.