సుకేశ్ బాబు మీద పంచాయితీ

ఆ శుక్రవారం పొద్దున కృష్ణ వేసుకున్న పథకం చాలా చిన్నది. సూర్యాపేట డిపోలో కండక్టరుగా పనిచేసే అతనికి ఆ రోజు వారపు సెలవు. మోతె నుంచి మామగారు లింగన్న వస్తాడు. అనసూయతో కలిసి ముగ్గురూ మొదటి ఆట సినిమా చూస్తారు. మధ్యాహ్నం ఇంటికొచ్చి, అనసూయ పొద్దున్నే వండిపెట్టిన తలకాయ కూర తింటారు. సాయంత్రం మామగారిని బస్సెక్కిస్తారు. మామగారు రావడం తప్పిస్తే ఇందులో తలకాయ కూర తినడం ఒక్కటే అనుకున్నట్టు జరిగింది. అదీ కృష్ణ ఒక్కడే తిన్నాడు.

సినిమా పేరు 'నవ్వకపోతే నా ఒట్టు'. హీరో కితకితల స్టార్ సుకేశ్ బాబు. పాతికేళ్ల కిందట ఆయన కిరాయి కట్టలేని గుమాస్తాగానో, చిరునామా దొరకని పోస్ట్‌మన్‌గానో తెరమీదికి వస్తే జనం పొట్ట చెక్కలయ్యేలా నవ్వేవారు. తర్వాత ఆయన ఎదిగాడు. ఎంత ఎదిగాడంటే, కామెడీ హీరో అనే బిరుదులోంచి కామెడీ రాలిపోయి హీరో మాత్రమే మిగిలాడు. ఇప్పుడు సినిమాకు నలభై మందిని గాల్లోకి లేపి కొడుతున్నాడు. కూతురి ఈడు పిల్లతో మంచుకొండల మీద పాటలు పాడుతున్నాడు. మధ్యమధ్యలో లావుపాటి స్నేహితుడి చెంప పగలగొడుతున్నాడు. ఆ చెంపదెబ్బల్ని కామెడీ కింద లెక్కవేసుకోవాలని నిర్మాతల మనవి.

లింగన్నకు ఇవేవీ కనబడవు. సుకేశ్ బాబు సినిమా వచ్చిన ప్రతిసారీ గొర్రెల మందను తమ్ముడికి అప్పజెప్పి, తెల్ల అంగీ తొడుక్కుని, సూర్యాపేటలో మొదటి ఆట చూడటం ఆయనకు పాతికేళ్ల అలవాటు. ఆ రోజు హాల్లో మొత్తం పదకొండు మంది ఉన్నారు. అందులో ఇద్దరు ఏసీ కోసం వచ్చారు.

ఇంటర్వెల్లో సమోసాలు కొనిస్తూ కృష్ణ నోరు జారాడు.

"మామా, ఏమనుకోకు గని, ఈయన పని ఖతమైంది. అప్పట్ల నవ్వు ఆపుకునుడు కష్టమయ్యేది. ఇప్పుడు నిద్ర ఆపుకునుడు కష్టమైతుంది."

లింగన్న సమోసా కొరకబోయి ఆగాడు. "మళ్ల అను."

మళ్లీ అనమన్నప్పుడు ఊరుకోవడం తెలివైనవాడి లక్షణం. కృష్ణ కండక్టరు. పొద్దున్నించి సాయంత్రం దాకా అన్న మాటనే మళ్లీ మళ్లీ అనడం అతని ఉద్యోగం. మళ్లీ అన్నాడు.

"నవ్వు రాకుంటె తప్పు సిన్మాదా, నీ మొకానిదా?" అన్నాడు లింగన్న. "నీలినాలుక రోగమొచ్చి నలభై గొర్లు సచ్చిన ఏడు మా ఇంట్ల పొయ్యి గూడ సక్కగ ముట్టియ్యలే. గప్పుడు గీయన సిన్మాకు పోయి నవ్విన. గా నవ్వుతోనే మళ్ల మనిషినైన. గసొంటోని పని ఖతమంటవా?"

సమోసా బల్ల మీద పెట్టి ఆయన బస్టాండు వైపు నడిచాడు. అనసూయ మొగుడి వైపు ఒక చూపు చూసి తండ్రి వెనకాల పరుగెత్తింది. సాయంత్రం మోతె నుంచి ఫోన్ చేసింది.

"మా నాయన్ను ఒప్పియ్యి. అప్పుడే వస్త."

"సిన్మా గురించి ఒక్క మాటంటె గింత లొల్లా?"

"నువ్వు ఒక్క మాటన్లే, రెండుసార్లన్నవ్," అని ఆమె ఫోన్ పెట్టేసింది.

అనసూయ లేని ఇంట్లో కృష్ణకు మూడు రోజులు గడిచాయి. పెళ్లయిన నాలుగేళ్లలో ఆమె రెండు రోజులకు మించి పుట్టింట్లో ఉన్నది లేదు. పొద్దున్నే అరిచి లేపేవాళ్లు లేక ఒక రోజు డ్యూటీకి ఆలస్యమయ్యాడు. ఆ దిగులులో మిర్యాలగూడ బస్సులో ముందు సీటు పెద్దాయనకు తన గోడు చెప్పుకున్నాడు. పెద్దాయన సానుభూతి చూపకుండా, "సుకేశ్ బాబుకు ఏం తక్కువైందయ్యా?" అన్నాడు. వెనక సీటులోంచి ఒకావిడ "ఏం మిగిలిందని?" అంది. మిర్యాలగూడ చేరేసరికి బస్సు రెండు వర్గాలైంది. వాదనలో మునిగి నలుగురు దిగాల్సిన చోట దిగలేదు. కృష్ణ మీద డిపోకు ఫిర్యాదు మాత్రం ఐదుగురు చేశారు.

సంగతి ఆత్మకూరులో ఉన్న తల్లి బక్కమ్మ దాకా పోయింది. ఆమె కొడుకును ఓదార్చలేదు, కోడలిని బతిమాలలేదు. నేరుగా మోతె పోయి పెద్దమనిషి కిష్ట్యా ముందు పంచాయితీ పెట్టింది.

కిష్ట్యాకు డెబ్బై ఏళ్లు. నలభై ఏళ్లుగా పొలం గట్ల తగాదాలు, తప్పిపోయిన గొర్రెల తగాదాలు, మొగుడు పెళ్లాల తగాదాలు తీరుస్తున్నాడు. సినిమా మీద తీర్పంటే నవ్వి పంపిస్తాడని కృష్ణ ఆశపడ్డాడు. కిష్ట్యా నవ్వలేదు. తలపాగా సర్దుకున్నాడు.

"గట్టు సూడకుంట గట్టు తగాద తెంపుతనా? గిదీ గంతే. ఆయన పాత సిన్మా ఒకటి సూడాలె, కొత్తది ఒకటి సూడాలె. దేంట్ల ఎన్ని నవ్వులు వస్తయో లెక్కబెట్టాలె. కొత్త దాంట్ల తక్కువుంటె అల్లుని మాట నిజం. ఎక్కువుంటె మామ మాట నిజం."

"నవ్వుల్ని ఎట్ల లెక్కబెడ్తవ్ తాతా?" అన్నాడు కృష్ణ.

"గొర్లను ఎట్ల లెక్కబెడ్త?"

సాయంత్రం మంద దొడ్లోకి వస్తున్నప్పుడు కిష్ట్యా వాకిట్లో నిలబడి గొర్రెకో గులకరాయి చొప్పున ఒక సంచిలోంచి ఇంకో సంచిలోకి వేస్తాడు. ఇక్కడా అదే పద్ధతి. పది మందికి తగ్గకుండా ఒకేసారి నవ్వితే ఒక రాయి. రెండు పక్షాల వాళ్లూ హాజరు కావాలి. లింగన్న ఓడిపోతే కూతుర్ని తానే అల్లుడింట్లో దిగబెట్టాలి. కృష్ణ ఓడిపోతే అందరి ముందు తప్పు ఒప్పుకోవాలి. బతికినన్నాళ్లు సుకేశ్ బాబు ప్రతి సినిమా మొదటి ఆట మామగారి పక్కన కూర్చుని చూడాలి. ఆయన ఏడాదికి మూడు తీస్తాడు. కృష్ణ వయసు ముప్పై ఒకటి. కృష్ణ వేళ్ల మీద లెక్క మొదలుపెట్టి, వేళ్లు చాలక వదిలేశాడు. అయినా అనసూయ కోసం సరేనన్నాడు.

పాత సినిమా 'తాళంచెవి తాతయ్య'ను లింగన్న వాకిట్లో టీవీ పెట్టి చూశారు. నూట పన్నెండు రాళ్లు పడ్డాయి. ఒకట్రెండు చోట్ల కిష్ట్యా తానే నవ్వుతూ రాయి వేయడం మరిచిపోయాడు. దాని మీద ఎవరికీ పేచీ లేదు. బక్కమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంటూ, "మనిషంటె గిట్ల నవ్వియ్యాలె," అంది. పక్షం మారుతున్నావేమిటని కొడుకు ఆమెను కసిరాడు.

కొత్త సినిమాకు బుధవారం మధ్యాహ్నం అరవై మంది రెండు డీసీఎం వ్యాన్లలో సూర్యాపేట థియేటరు ముందు దిగారు. కోదాడ నుంచి వచ్చి అక్కడ మేనేజరుగా చేస్తున్న గిరిధర్ కంగారుగా ఎదురొచ్చాడు.

"ఏవండీ, దారి తప్పొచ్చారా? ఫంక్షన్ హాలు పక్క సందులో ఉందండీ."

"సిన్మాకే వచ్చినం," అన్నాడు కిష్ట్యా.

"ఈ సినిమాకా?" అన్నాడు గిరిధర్. తర్వాత తన ఉద్యోగం గుర్తొచ్చి గబగబా టికెట్లు చింపాడు.

ఆట మొదలైంది. లింగన్న తరఫున మోతె నుంచి నలభై మంది వచ్చారు. వాళ్లు న్యాయం కోసం రాలేదు, గెలవడానికి వచ్చారు. నిర్మాత పేరు పడగానే నవ్వారు. పొగ తాగరాదన్న హెచ్చరికకు నవ్వారు. చెంపదెబ్బ చెంపదెబ్బకూ కుర్చీలు అదిరేలా నవ్వారు. కృష్ణ తరఫున ఆత్మకూరు నుంచి వచ్చిన ఇరవై మందికి మాత్రం నవ్వకూడదని బక్కమ్మ గట్టిగా చెప్పింది. ఆ సినిమాకు అంత జాగ్రత్త అవసరం లేదు. అయినా వాళ్లు ముందుజాగ్రత్తగా తువ్వాళ్లు నోట్లో కుక్కుకున్నారు.

ఇంటర్వెల్ తర్వాత హీరో తల్లి చనిపోయే ఘట్టం వచ్చింది. ఆవిడ కొడుకు ఒళ్లో తలపెట్టుకుని ఆఖరి మాటలు చెబుతోంది. లింగన్న తన వాళ్లకు సైగ చేశాడు. నలభై మంది ఘొల్లున నవ్వారు. ఆవిడ ప్రాణం పోయాక ఇంకోసారి నవ్వారు. చావు చూసి పగలబడి నవ్వుతున్న వాళ్లను చూసి ఆత్మకూరు వాళ్లు ఆగలేకపోయారు. ముందు ఒక తువ్వాలు జారింది. తర్వాత ఇరవై తువ్వాళ్లూ జారాయి. పాడె లేచేసరికి బక్కమ్మ కుర్చీలోంచి కింద పడి నవ్వుతోంది. కిష్ట్యా చేతిలో రాళ్లు చాలక బయటికి పోయి మోటారు సైకిళ్ల స్టాండు దగ్గర కంకర ఏరుకొచ్చాడు.

హాల్లోంచి నవ్వులు వినబడి గిరిధర్ ముందు భయపడ్డాడు. తలుపు తీసి చూసి నమ్మలేక ఫోన్లో వీడియో తీశాడు. సాక్ష్యం ఉండాలి కదా అని సినిమా వాళ్లకు పంపాడు. వాళ్లు అప్పుడు కోదాడలో విజయయాత్రలో ఉన్నారు. సినిమా ఆడితే హీరోలు ఇంట్లో ఉంటారు, ఆడకపోతే విజయయాత్రకు బయల్దేరతారు. కోదాడలో విజయయాత్రకు జనం లేక, సుకేశ్ బాబు తన వెంట వచ్చిన వాళ్లతోనే చప్పట్లు కొట్టించుకుంటున్నాడు. వీడియో చూసి బస్సును సూర్యాపేటకు తోలించాడు.

ఇక్కడ ఆట ముగిసింది. తెర ముందు కిష్ట్యా సంచి విప్పి లెక్కబెట్టాడు. రెండు వందల నలభై మూడు.

"తాతా, గది సిన్మాకు నవ్వింది గాదు! నవ్వేటోళ్లను సూసి నవ్విండ్రు!" కృష్ణ మొత్తుకున్నాడు.

"నవ్వు నవ్వే బిడ్డా. నల్ల గొర్రెకు ఒక రాయి, తెల్ల గొర్రెకు ఇంకో తీరు రాయి ఉంటదా?"

కృష్ణ మూలన నిలబడ్డ అనసూయ వైపు చూశాడు. ఆమె కళ్లు వాచి ఉన్నాయి. ఏడాదికి మూడు సినిమాల చొప్పున మిగతా జీవితమంతా అతని కళ్ల ముందు తిరిగింది. ఆమె లేకుండా ఇల్లు ఎలా ఉంటుందో కూడా తిరిగింది. చేతులు జోడించి నోరు తెరిచాడు. అప్పుడే తలుపులు తెరుచుకుని పూలదండలు, కెమెరాలు, వాటి వెనక సుకేశ్ బాబు లోపలికి వచ్చారు.

లింగన్న తువ్వాలు భుజం మీంచి తీసి నడుముకు కట్టుకున్నాడు. పాతికేళ్లుగా చూస్తున్న దేవుడు పది అడుగుల దూరంలో ఉన్నాడు. కిష్ట్యాకు మాత్రం దేవుడైనా సాక్షే.

"సారూ, వేళకు వచ్చిండ్రు. జర కూసోండ్రి. పంచాయితీ నడుస్తుంది," అని సంగతంతా చెప్పాడు. "సిన్మా తీసినోళ్లు మీరే గద. నిజం జెప్పుండ్రి. మీ సిన్మాలు ముందటి లెక్కనే ఉన్నయా, ఎత్తిపోయినయా?"

మైకు లేకుండా ఒక మనిషి తనను ప్రశ్న అడిగి సుకేశ్ బాబుకు చాలా ఏళ్లయింది. సినిమా విడుదలైనప్పటి నుంచీ బ్లాక్‌బస్టర్ అని చెప్పి చెప్పి ఆయన గొంతు పోయింది. చేతులు జోడించిన కృష్ణను చూశాడు, దూరంగా నిలబడ్డ అతని భార్యను చూశాడు. కెమెరా వాళ్లను బయటికి పంపి కుర్చీలో కూలబడ్డాడు.

"ఈ తమ్ముడు చెప్పిందే నిజమండీ. ఇది చెత్త సినిమా. ఇదొక్కటే కాదు, పదేళ్లుగా నేను చేస్తున్నవన్నీ చెత్తే."

కృష్ణకు ప్రాణం లేచొచ్చింది. అయితే లింగన్న అప్పటికే లేచి ఉన్నాడు.

"ఏమన్నవ్?"

"చెత్త అన్నానండీ."

"సుకేశ్ బాబు సిన్మాను చెత్త అంటవా?"

"నేనే సుకేశ్ బాబునండీ!"

"ఎవ్వనివైతె నాకేంది!" లింగన్న గర్జించాడు. "నా అల్లుడు నిద్ర వస్తుందన్నడు గని చెత్త అనలే. అన్నా గూడ సాటుంగ, నా ఒక్కనితోనే అన్నడు. నువ్వు అరవై మంది ముందట అంటవా? కిష్ట్యా మామా, అల్లుని మీద నాకు పంచాయితీ లేదు. ఈయన మీద ఉన్నది!"

కిష్ట్యా మోతె పెద్దల వైపు చూశాడు, ఆత్మకూరు పెద్దల వైపు చూశాడు. మొదటిసారి రెండు ఊళ్లూ ఒక్క మాట మీద ఉన్నాయి. అభిమానులు నవ్వుకున్న సినిమాను చెత్త అన్నందుకు సుకేశ్ బాబు తప్పు చేసినట్టు తేలింది. శిక్షగా ఆయన ఈ సినిమాను మొదటి నుంచి చివరిదాకా లేవకుండా చూడాలి.

"వద్దండీ," అన్నాడు సుకేశ్ బాబు. "కావాలంటే ఊరందరికీ పొట్టేలు కోయించి భోజనాలు పెడతాను."

"సిన్మానే సూడాలె," అన్నాడు కిష్ట్యా.

గిరిధర్ మళ్లీ ఆట వేశాడు. లింగన్న అల్లుడి భుజం మీద చెయ్యి వేసి, "నా పక్కన కూసో అల్లుడా," అని ప్రేమగా లాక్కుపోయాడు. అలా కృష్ణ గెలిచి, అదే సినిమాను అదే రోజు రెండోసారి చూడటానికి కూర్చున్నాడు. రెండో పక్కన అనసూయ వచ్చి కూర్చుంది.

"నేను సిన్మా కోసం పోయిన్నా?" అంది మెల్లగా. "అన్నం తినకుంట ముసలాయన ఒక్కడు బస్సెక్కుతుంటె ఎట్ల ఊకుండాలె? ఇందాక తల్లి సచ్చే కాడ ఏడుపు దిగమింగుకుని నవ్విండు. నేను సూడలేకపోయిన."

కృష్ణకు తన మీద తనకే కోపం వచ్చింది. "తప్పయింది అనసూయా. నవ్వు రాలేదని అన్న గని, ఆయనకు గా నవ్వు ఏందో అడుగలే," అన్నాడు. ఆమె చెయ్యి అందుకున్నాడు. ఆమె వెనక్కి తీసుకోలేదు, అలాగే ఉంచింది.

ముందు వరుసలో సుకేశ్ బాబు ఇంటర్వెల్‌కు ముందే రెండుసార్లు లేవబోయాడు. రెండుసార్లూ కిష్ట్యా కర్ర అడ్డం పెట్టాడు.

"యాడికి సారూ?"

"ఫోన్ మాట్లాడాలండీ."

"అయినంక మాట్లాడు."

రెండు గంటల నలభై నిమిషాలు పూర్తయ్యాక అనసూయ భర్తతో ఇంటికి పోయింది. లింగన్న కూడా వాళ్లతో పోయి రాత్రి అన్నం తిన్నాడు. ఇకమీదట కథ విన్నాకే సినిమా ఒప్పుకుంటానని సుకేశ్ బాబు ఆ వారమే ప్రకటించాడు. పరిశ్రమ పెద్దలంతా అది చాలా సాహసోపేతమైన నిర్ణయమని మెచ్చుకున్నారు.