వంద లోపు ఖర్చు కాదు

మానవుడు చంద్రుడి మీద కాలు మోపాడు గానీ, ఫోన్లో ఆడే ఆటలకు తాను పోసిన డబ్బెంతో చెప్పగల మగవాడు ఇంతవరకు పుట్టలేదు. ఈ జాతీయ లోటును పూడ్చడానికే శంషాబాద్‌లో డిజిటల్ ఆటల వ్యయ నిర్ధారణ కేంద్రం వెలసింది. (మూడో అంతస్తు. లిఫ్టు ఇంకా నిర్ధారణ కాలేదు.)

మొన్న బుధవారం అక్కడికి మా ఎదురింటి క్యాబ్ డ్రైవర్ జగదీశ్ వచ్చాడు. (వరుసలో అతని వెనక నేనే ఉన్నాను. నా సంగతి ఇక్కడ అప్రస్తుతం.) ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో క్యాబుల వరుసలో తన నంబరు వచ్చేదాకా నాలుగేసి గంటలు కూర్చోవాలి. ఆ గంటల్లో అతను ఫోన్లో తుపాకులు పేల్చి ఇప్పటికి మూడు దేశాలను విముక్తం చేశాడు. ఇక్కడేమో శుక్రవారంతో కారు ఇన్సూరెన్స్ అయిపోతోంది. ఆ కాగితం లేని కారును ఎయిర్‌పోర్టు వరుసలోకి రానివ్వరు. డబ్బు బీరువాలో ఉంది, బీరువా తాళం భార్య సునీత కొంగుకు ఉంది.

"ఆటల్ల ఎంత తగలేసినవో ముద్ర గొట్టించుకొని రా. గప్పుడే పైసలు," అంది సునీత. (వాళ్ల పొలం ఎయిర్‌పోర్టుకు పోయినప్పటి నుంచి ఆమె ముద్ర లేని మాటను నమ్మదు. మొగుడి మాటను అంతకుముందు నుంచే నమ్మదు.)

ఉప నిర్ధారణాధికారి స్వరాజ్యం గారు అతని బ్యాంకు స్టేట్‌మెంటును గంటన్నర చదివారు. తుపాకీకి బంగారు రంగు, ఎనభై తొమ్మిది రూపాయలు. హెల్మెట్‌కు కొమ్ములు, ఎనభై తొమ్మిది. శత్రువు చచ్చాక వేసే స్టెప్పు, ఎనభై తొమ్మిది. అలా నాలుగు వందల పన్నెండు సార్లు.

"ఎంతయింది మేడం?" అడిగాడు జగదీశ్.

"ఏమీ కాలేదండి. ఏడో నిబంధన ప్రకారం వందకు లోపుది చిల్లర. చిల్లరను ఖర్చుగా పరిగణించరాదు." (ఈ నిబంధన రాసిన కమిటీలో ఆటల కంపెనీల వాళ్లు నలుగురు, సమోసాలు తెచ్చే ఆయన ఒకరు. సమోసాల ఆయన అసమ్మతి తెలిపారట.)

మొత్తం వ్యయం సున్నా అని రాసి, ముద్ర కొట్టి ఇచ్చారు. జగదీశ్ మెట్లు రెండేసి చొప్పున దిగాడు.

సునీత ఆ కాగితాన్ని రెండుసార్లు చదివింది. అరవలేదు. అరిస్తే బాగుండునని అతనికి అనిపించింది.

"ఎన్నిసార్లు కొన్నవ్?"

"నాలుగొందల పన్నెండు సార్లు. అయినా సున్నానే! చూస్కో, ముద్ర గూడ ఉంది."

ఆమె ఫోన్లో లెక్క కొట్టింది. "ముప్పై ఆరు వేల ఆరొందల అరవై ఎనిమిది. ఇన్సూరెన్స్ గూడ గంతే గద జర అటీటుగ. ఇది సున్నా అయితే అది గూడ సున్నానే. పోయి కట్టుకో."

"గట్లంటే ఎట్లనే?"

"నా గొలుసు అమ్మి కొన్న కారు గది. గది గూడ నీకు చిల్లరనా?" సునీత కళ్లలో నీళ్లు తిరిగాయి. తాళం మాత్రం కొంగునే ఉండిపోయింది.

శనివారం నుంచి కారు మా వీధిలోనే నిలబడి ఉంది. నంబరు కోసం చూసే పని లేదు కాబట్టి జగదీశ్ అందులోనే కూర్చుని ఫోన్ తెరిచాడు. ఆట అతణ్ని పేరు పెట్టి పిలిచింది. కొత్త కారు వచ్చిందట, ఈ ఒక్కరోజే ఎనభై తొమ్మిది రూపాయలట, ఇన్సూరెన్స్ అక్కర్లేదట.

ఏడో నిబంధన ప్రకారం ఆ రోజు కూడా జగదీశ్ ఏమీ ఖర్చు పెట్టలేదు.