కొమ్ములో ఉప్పు

ధర్మానికి ముప్పు యుద్ధాల వల్లా రాదు, కరువుల వల్లా రాదు, ఉప్పు వల్లనే వస్తుందని భిక్షుసంఘం కనిపెట్టింది. ఆ సంగతి తేల్చడానికి నాలుగు దిక్కుల నుంచీ భిక్షువులు వైశాలికి నడిచొచ్చారు. (నడిచిన అలసటకి ఉప్పేసిన గంజి తాగారు. మర్నాటికి దాచలేదు కాబట్టి తప్పు లేదు.)

నిందితుడు సోణకుడు. ఎద్దుకొమ్ములో ఉప్పు దాచుకున్నాడు. ఆ కొమ్ము ఇచ్చింది తల్లి మేండిక. భిక్షలో పడే చప్పిడి కూడు బిడ్డకి గొంతు దిగదేమో, దిగకపోతే చిక్కిపోతాడేమో, చిక్కితే గంగ గాలికే కొట్టుకుపోతాడేమోనని ఆవిడ బెంగ. ఇప్పుడేమో, రాత్రి దాటిన ఉప్పు ఆహారపు నిల్వేననీ, నిల్వ చేసినవాణ్ణి వెలి వేయాలనీ ప్రతిపాదన. వెలి వేస్తే ఎక్కడ పడుకుంటాడు? ఏ పులి నోట పడతాడు?

విహారం గుమ్మంలో కొడుకుని ఆపింది.

"ఒరేయ్ భంతే," అంది. (సన్యాసి గనక భంతే, కడుపున పుట్టాడు గనక ఒరేయ్.) "నీ నోరు మంచిది కాదు. వాళ్ళేమన్నా కిక్కురుమనకు. తల దించుకు కూర్చుంటే జాలిపడి వదిలేస్తారు."

"అది కాదమ్మా, అక్కడి పద్ధతేమిటంటే..."

"ఇదిగో, ఈ నోరే వద్దన్నది."

సభలో పద్ధతి బహు సులభం. ప్రతిపాదన మూడుసార్లు చదువుతారు. కాదనేవాడు మాట్లాడాలి, ఔననేవాడు మౌనంగా ఉండాలి. మౌనం నాణ్యత చూడటానికి ఉగ్గసేన స్థవిరుణ్ణి మౌనాధికారిగా పెట్టారు. దగ్గితే ఏ లెక్కన్న సందేహానికి ఉపసంఘం కూర్చుని, పొడిదగ్గు అంగీకారమనీ, కఫం పడితే వాయిదా అనీ తీర్మానించింది. తుమ్ము సంగతి ఇంకా పరిశీలనలో ఉంది.

ప్రతిపాదన మూడోసారి చదివారు. చీమ చిటుక్కుమనలేదు. సభలో సగం జోలెల్లో కొమ్ములున్నాయి. అవీ మౌనంగానే ఉన్నాయి. తల దించుకున్న కొడుకుని స్తంభం చాటు నుంచి చూసి, పుట్టి బుద్ధెరిగాక ఇవాళే నా మాట విన్నాడు అనుకుంది మేండిక.

"సర్వసమ్మతం," అన్నాడు ఉగ్గసేనుడు. "నిందితుడూ ఒప్పుకున్నాడు."

ఆవిడ పడుతూ లేస్తూ ముందుకొచ్చింది. "ఎప్పుడొప్పుకున్నాడు భంతే? వాడు నోరే విప్పలేదు గదా."

"ఒప్పుకోవడమంటే అదే కదా ఉపాసికా. ఇంత స్వచ్ఛమైన మౌనం ఈ మధ్యకాలంలో వినలేదు."

"నేనే మూసుకోమన్నాను."

"సాధు, సాధు. పెంపకం కనబడుతోంది."

సోణకుడు భిక్షాపాత్ర తీసుకుని గంగ దారి పట్టాడు. మేండిక గుమ్మంలో కూలబడింది. అక్కడ అన్నపు గంపలతో ఎదురుచూస్తున్న భిక్షువుల తల్లులు చుట్టూ చేరి ఓదార్చారు. అందులో ఒకావిడ కొంగు సర్దుకుంటూ అంది:

"మావాడూ బుద్ధిమంతుడే. చెప్పి పంపాను, ఒక్క మాట మాట్లాడలేదు."